యుద్ధరంగం నుంచి ఇంటికి వచ్చాక: మాజీ సైనికుల కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కార్గిల్‌లో, శ్రీలంకలో, కశ్మీరు లోయలో, ఈశాన్య రాష్ట్రాలలో పనిచేసి వచ్చిన తెలుగు సైనికుల ఇళ్ళ నుంచి యుద్ధం మనసులో మిగిల్చే గాయం గురించి ఏళ్ళ తరబడి ఇవే సందేహాలు వస్తున్నాయి. అడిగేవారిలో భార్యలే ఎక్కువ. ఆ తరువాత తమ్ముళ్ళు, ఎదిగిన పిల్లలు. సైనికుడు తానుగా అడగడం అరుదు, అడిగినా “మా స్నేహితుడొకడు ఉన్నాడండీ” అని మొదలుపెడతాడు. ఏ ప్రశ్న దగ్గర తెరిచి చదివినా దాని జవాబు అక్కడే పూర్తయ్యేలా రాశాము. అయితే వైద్యుడు మనిషిని చూసి చెప్పే మాటకు ఇది బదులు కాదు.

## ఇంటికి వచ్చిన తొలి నెలల్లో

మావారు పెన్షన్ మీద వచ్చి ఆరు నెలలైంది. మునుపటి మనిషి కాదు. ఇది జబ్బా, లేక అలవాటు పడేదాకా ఇంతేనా?

తెల్లవారుజామున లేవడం, పిల్లలతో ఆర్డరు వేసినట్టు మాట్లాడటం, చెప్పిన సమయానికి అన్నం పెట్టకపోతే చిరాకు పడటం వంటివి సర్వీసు అలవాట్లు. అవి నెమ్మదిగా సడలుతాయి. కలవరపడవలసినవి వేరే ఉన్నాయి. జరిగిన సంఘటన పిలవకుండానే పీడకలగానో, మెలకువలోనే కళ్ళముందు కదిలినట్టుగానో తిరిగి రావడం. దాన్ని గుర్తుచేసే మనుషులనూ, చోట్లనూ, టీవీ వార్తలనూ తప్పించుకు తిరగడం. ప్రేమ, సంతోషం వంటివి మొద్దుబారి తననూ లోకాన్నీ చెడ్డగానే చూడటం. శరీరం ఎప్పుడూ కాపలాలోనే ఉండటం. ఈ నాలుగు రకాల లక్షణాలూ కలిసి నెల దాటి కొనసాగి, నిద్రనూ పనినీ కాపురాన్నీ దెబ్బతీస్తుంటే వైద్యులు, గాయపరిచే సంఘటన తరువాత వచ్చే మానసిక ఒత్తిడి జబ్బైన పీటీఎస్‌డీ అనే నిర్ధారణ గురించి ఆలోచిస్తారు. బస్సులో చివరి సీటు దొరికితే తప్ప ఎక్కని మనిషి, గేటు గడియ వేసి వచ్చి పడుకున్న పావుగంటకే మళ్ళీ టార్చి పట్టుకుని గోడ చుట్టూ తిరిగి వచ్చే మనిషి, కూతురి పుట్టినరోజున అందరూ నవ్వుతుంటే గోడకు ఆనుకుని తలుపు వైపే చూసే మనిషి మీ ఇంట్లో ఉంటే, కాలమే సరిచేస్తుందని ఎదురుచూడకుండా ఒకసారి చూపించండి.

రాత్రిళ్ళు కేకలు పెడతారు. తట్టి లేపవచ్చా?

తట్టకండి. నిద్రలో ఉన్న శరీరానికి మీ చెయ్యి శత్రువు చెయ్యిగా తోచవచ్చు, ఆ క్షణంలో ఆయన చేసే పనికి ఆయన బాధ్యులు కారు. చేతికి అందనంత దూరంలో, కాళ్ళ వైపు నిలబడి, లైటు వేసి, ఇంట్లో పిలిచే పేరుతో మామూలు గొంతుతో పిలవండి. “మీరు ఇంట్లో ఉన్నారు, నేను ఇక్కడే ఉన్నాను” అని ఒకటికి రెండుసార్లు చెప్పండి. మెలకువ వచ్చాక కలలో ఏం చూశారని అడగకుండా మంచినీళ్ళు ఇచ్చి కాసేపు కూర్చోవడం చాలు. కొంతకాలం వేరే మంచం మీద పడుకోవలసి వస్తే అది కాపురంలో చీలిక కాదు, జాగ్రత్త. కారణం మాత్రం ఇద్దరూ పగటిపూట మాట్లాడుకుని ఉండాలి. గురక, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు కావడం కూడా ఉంటే డాక్టరుకు విడిగా చెప్పండి, ఎందుకంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉంటే పీడకలలకు ఎంత వైద్యం చేసినా నిద్ర కుదరదు.

ఆయన యుద్ధంలో పాల్గొనలేదు, కశ్మీరులో డ్యూటీ మాత్రమే చేశారు. అయినా ఇలా అవుతుందా?

అవుతుంది. ప్రకటించిన యుద్ధం ఒక్కటే మనిషిని గాయపరచదు. ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడానికి 1990లో ఏర్పాటైన రాష్ట్రీయ రైఫిల్స్‌లో పనిచేసినవారికి ఎదురుగా శత్రుశిబిరం ఉండదు. సంతలోని ఏ మనిషి దగ్గర ఏముందో, రోడ్డు మీది ఏ కల్వర్టు కింద మందుపాతర ఉందో తెలియని స్థితిలో నెలల తరబడి గడపాలి. ఐఈడీ (దొంగచాటుగా అమర్చిన బాంబు) పేలుడు తరువాత తోటివారి శరీరాలను ఏరి మూటగట్టిన సైనికుడు ఒక్క తూటా కూడా కాల్చి ఉండకపోవచ్చు. అంబులెన్సు డ్రైవర్లకూ, నర్సింగ్ అసిస్టెంట్లకూ, హిమపాతం కింద నుంచి సహచరులను తవ్వి తీసినవారికీ కూడా ఇది రావచ్చు.

ఒకే కంపెనీలో ఉన్న మిగతావాళ్ళు బాగానే ఉన్నారు. ఈయనకే ఎందుకు?

పిరికితనానికీ దీనికీ సంబంధం లేదు. పతకాలు పొందినవారికి కూడా వచ్చింది. గాయపడటం, దగ్గరి స్నేహితుడు కళ్ళముందే పోవడం, విరామం లేకుండా ఫీల్డ్ పోస్టింగులు పడటం, చిన్ననాడు ఇంట్లో హింస చూసి ఉండటం, తిరిగి వచ్చాక మాట చెప్పుకునే మనిషి లేకపోవడం, ఇవన్నీ ముప్పును పెంచుతాయి. వియత్నాం యుద్ధానికి వెళ్ళిన అమెరికన్ పురుషులపై 1980ల చివరలో జరిగిన జాతీయ అధ్యయనంలో, యుద్ధం ముగిసి పదేళ్ళు దాటినా దాదాపు 15 శాతం మందికి పీటీఎస్‌డీ ఉన్నట్టూ, ఎప్పుడో ఒకప్పుడు అది వచ్చినవారు దాదాపు 30 శాతమనీ తేలింది. అంటే ఎక్కువమందికి రాలేదు, వచ్చినవారు తక్కువేమీ కాదు. ఇంకొక మాట: బాగానే ఉన్నారని మీరనుకుంటున్న ఆ మిగతావారి ఇళ్ళలో ఏం జరుగుతోందో మీకు తెలియదు.

దీపావళికి, పెళ్ళి ఊరేగింపులకు ఏం చేయాలి?

ఎదురుచూసిన మోతకంటే చెప్పాపెట్టకుండా పడే మోతే ఎక్కువ కుదుపుతుంది. అందుకని ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడి ఏ వేళకు కాలుస్తారో తెలుసుకోవడం, ఆ గంటలో లోపలి గదిలో ఫ్యాను, టీవీ పెట్టుకుని ఉండటం, ఊరేగింపు వస్తోందని పిల్లలు ముందుగా వచ్చి చెప్పడం ఉపయోగపడతాయి. పొలాల్లో అడవిపందులను తోలడానికి పేల్చే మందు, క్వారీలో రాళ్ళు పేల్చే మోత వంటివి ఏ పండుగా కాని రోజున పడతాయి కాబట్టి, అటువంటి చోట ఉన్నవారు పేల్చే వేళలు కనుక్కుని ఉంచుకోవాలి. అయితే ప్రతి పండుగకూ ఊరు విడిచి వెళ్ళిపోవడాన్ని శాశ్వత పరిష్కారం చేసుకోకండి. తప్పించుకున్నకొద్దీ భయం ముదురుతుంది. చికిత్స మొదలైతే ఆ మోతను కొంచెం కొంచెంగా భరించడం కూడా అందులో భాగమే అవుతుంది.

చిన్నదానికే మండిపడతారు. పిల్లలు భయపడుతున్నారు. వాళ్ళకేం చెప్పాలి?

పిల్లలకు కారణం చెప్పకపోతే తప్పు తమదే అనుకుంటారు. “నాన్న చాలా ప్రమాదమైన చోట పనిచేశారు, ఆ భయం ఇంకా ఆయన ఒంట్లోంచి పోలేదు, నీ మీద కోపం కాదు, డాక్టరు చూస్తున్నారు” అన్నంత చాలు. అక్కడ జరిగిన వివరాలు పిల్లలకు అక్కర్లేదు. కోపం వస్తోందని తెలిసినప్పుడు ఆయన మాట మధ్యలోనే బయటికి వెళ్ళి నడిచి రావచ్చని, ఎవరూ వెంటపడి జవాబు అడగకూడదని ఇంట్లో ఒక ఒప్పందం పెట్టుకోండి. కానీ చెయ్యి చేసుకోవడం వేరే విషయం. జబ్బు కోపానికి కారణం కావచ్చు, దెబ్బలు తినడానికి మీకు అది కారణం కాదు. అటువంటి రాత్రి పిల్లలను తీసుకుని పుట్టింటికో పక్కింటికో వెళ్ళండి. అవసరమైతే 112కు, మహిళల సహాయానికి 181కు ఫోను చేయండి.

## డాక్టరు దగ్గరకు వెళ్ళాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు

ఊళ్ళో గాలి సోకిందంటున్నారు. తాయెత్తు కట్టించాం. తప్పా?

తప్పని అనడం మా పని కాదు. గుడికో దర్గాకో వెళ్ళి వచ్చాక కొన్నాళ్ళు ఆయన మనసు కుదుటపడితే వెళ్ళండి. కొట్టడం, పొగ పెట్టడం, కట్టివేయడం, పస్తు ఉంచడం వంటివాటికి మాత్రం ఒప్పుకోవద్దు. ఇదివరకే హింస చూసి దెబ్బతిన్న మనిషికి అవి రెండో గాయం. తాయెత్తు చేతికి ఉండగానే డాక్టరు దగ్గరకు వెళ్ళవచ్చు, ఏ డాక్టరూ దాన్ని విప్పమని అడగడు.

మా తాతగారు బర్మా యుద్ధం చేసి వచ్చారు. ఆయనకు ఇవేమీ లేవే?

లేవని కాదు, అడిగినవారు లేరు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1915లోనే చార్లెస్ మైయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు ‘షెల్ షాక్’ పేరుతో ఇటువంటి రోగుల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. అదే కాలంలో ఫ్రాన్సులో పోరాడిన భారతీయ సైనికులు ఇళ్ళకు రాసిన ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి, వారి మనఃస్థితి గురించి నివేదికలు పంపేవారు; అంటే అధికారులకు సంగతి తెలుసు, కానీ వారి పట్టింపు పల్టన్ క్రమశిక్షణ గురించే. అమెరికన్ మనోవైద్యుల సంఘం పీటీఎస్‌డీని తన వ్యాధుల పట్టికలో చేర్చింది 1980లో మాత్రమే. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలాగా తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊళ్ళలో అడిగి చూడండి, రాత్రంతా అరుగు మీద కూర్చునే తాత, ఎవరితోనూ మాట్లాడని తాత కథలు చాలా ఇళ్ళలో దొరుకుతాయి. ఆయనది అలాంటి స్వభావం అని సరిపెట్టుకున్నారు, అంతే.

మానసిక డాక్టరు దగ్గరకు వెళ్ళినట్టు తెలిస్తే పిచ్చివాడనే ముద్ర పడదా? సెక్యూరిటీ ఉద్యోగం పోతుందేమో?

మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లు మనలో తిట్లుగా మారాయి కాబట్టి ఈ భయం రావడం సహజమే. అయితే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యతను వైద్యులపై పెట్టింది. చట్టం చెప్పిన కొన్ని సందర్భాలలో తప్ప ఆయన అనుమతి లేకుండా యజమానికి చెప్పకూడదు. పీటీఎస్‌డీకి చికిత్స తీసుకోవడమంటే మతి చలించినవాడని ధ్రువీకరణ కాదు. ఏ జనరల్ ఆసుపత్రిలోనైనా సైకియాట్రీ ఓపీ ఉంటుంది, అక్కడికి వెళితే పక్క వరుసలో షుగరు పరీక్షకు వచ్చినవారు కూర్చుని ఉంటారు. మా అనుభవంలో ఉద్యోగం పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది డ్యూటీలో తాగో, గొడవపడో పోగొట్టుకున్నారు.

ఎక్కడికి వెళ్ళాలి? ఖర్చెంత?

పెన్షను పొందుతున్న మాజీ సైనికుడికి మొదటి మెట్టు, మాజీ సైనికుల ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్. 2003లో మొదలైన ఈ పథకంలో ముందునుంచీ ఉన్న జబ్బు అని మినహాయింపు లేదు. పాలీక్లినిక్ వైద్యాధికారి రెఫరల్ రాస్తే సైనిక ఆసుపత్రిలో గానీ, ఒప్పందమున్న ప్రైవేటు ఆసుపత్రిలో గానీ చేయి ఖాళీ కాకుండా చికిత్స పొందవచ్చు. సికింద్రాబాద్ తిరుమలగిరిలో మిలిటరీ ఆసుపత్రి, విశాఖలో ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి ఉన్నాయి. అత్యవసరమై ఒప్పందం లేని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. కార్డు లేకపోయినా, దూరమైనా జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ ఉంది. అడుగు బయట పెట్టకుండా మొదలుపెట్టాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో సైనిక దళాలవారి కోసం 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం తెరిచారు. కాగితాలూ కార్డుల చిక్కులకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం తలుపు తట్టండి.

మా తమ్ముడు సీఆర్‌పీఎఫ్‌లో చేసి వచ్చాడు. ఇవన్నీ అతనికి కూడా వర్తిస్తాయా?

జబ్బు, చికిత్స ఒకటే, కార్యాలయాలు వేరు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటివి హోంశాఖ కింద ఉంటాయి కాబట్టి పదవీ విరమణ చేసినవారికి ఈసీహెచ్‌ఎస్ ఉండదు, వారికి సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) వంటి ఇతర పథకాలు ఉన్నాయి. బస్తర్ అడవుల్లో ఏళ్ళపాటు మందుపాతరల మధ్య నడిచినవారి గాయం సరిహద్దులో నిలిచినవారి గాయం కంటే చిన్నదేమీ కాదు, అయినా వీరికి దొరికే ఆదరణ తక్కువ. 14416, జిల్లా ఆసుపత్రి అందరికీ ఒకటే.

ఇంకా సర్వీసులోనే ఉన్నాను. చెబితే ప్రమోషన్ పోతుందా?

ఏమీ కాదని చెప్పడం అబద్ధమవుతుంది. షేప్ అనే వైద్య వర్గీకరణలో మొదటి అక్షరం మనఃస్థితిదే. నిర్ధారణ అయితే కొంతకాలం తక్కువ వైద్య కేటగిరీలో ఉంచవచ్చు, ఆయుధం ఇవ్వకపోవచ్చు, కమాండింగ్ అధికారి నుంచి మీ ప్రవర్తనపై నివేదిక అడగవచ్చు. ఆ కాలంలో ప్రమోషన్‌కూ కొన్ని పోస్టింగులకూ ఆటంకం కలగవచ్చు. కోలుకుంటే కేటగిరీని తిరిగి సమీక్షిస్తారు. మరోవైపు, సర్వీసులో ఉండగా రికార్డుకు ఎక్కని జబ్బును విడుదలైన తరువాత సర్వీసు వల్ల వచ్చిందని నిరూపించడం చాలా కష్టం. దాచి, చేతిలో తుపాకీతో, నిద్రలేకుండా సెంట్రీ డ్యూటీ చేయడంలో ఉన్న ప్రమాదం మీకే బాగా తెలుసు.

ఎంత చెప్పినా డాక్టరు దగ్గరకు రానంటున్నారు.

“మీకు మెంటల్ ప్రాబ్లం ఉంది” అన్న మాటతో మొదలుపెట్టకండి. ఆయన కూడా ఒప్పుకునే ఇబ్బందితో మొదలుపెట్టండి. ఎక్కువమంది విషయంలో అది నిద్ర. “నిద్ర పట్టడం లేదు కదా, దానికి చూపిద్దాం” అంటే కదిలేవారు ఉన్నారు. భార్య మాటకంటే అదే యూనిట్‌లో పనిచేసిన సుబేదారు సాబ్ ఫోను ఒకటి ఎక్కువ పనిచేస్తుంది, చికిత్స తీసుకున్న తోటి సైనికుడి మాట ఇంకా ఎక్కువ. ఆయన రాకపోయినా మీరు ఒక్కరే వెళ్ళి సలహా తీసుకోవచ్చు. అబద్ధం చెప్పి తీసుకెళ్ళడం, అన్నంలో మందు కలపడం మాత్రం చేయవద్దు. తెలిసిన రోజున ఆయనకు మీ మీదా, డాక్టరు మీదా నమ్మకం ఒకేసారి పోతుంది.

## చికిత్స సాగేటప్పుడు

జరిగినదంతా మళ్ళీ చెప్పిస్తే పుండును కెలికినట్టు కాదా?

పైన మాత్రమే మానిన పుండును తెరిచి శుభ్రం చేస్తే తప్ప లోపలి చీము పోదు, ఇదీ అంతే. దీర్ఘకాల ఎక్స్‌పోజర్ చికిత్సలో రోగి ఆ సంఘటనను నిపుణుడి సమక్షంలో వర్తమానంలో జరుగుతున్నట్టు చెబుతాడు, దాన్ని రికార్డు చేసి ఇంట్లో వింటాడు, తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెట్టుమెట్టుగా వెళతాడు. సాధారణంగా వారానికొకటి చొప్పున 8 నుంచి 15 సిట్టింగులు పడతాయి. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సాధారణంగా 12 సిట్టింగులు, అందులో సంఘటన వివరాలకంటే దాని నుంచి మనిషి తీసుకున్న తీర్మానాల మీద పని జరుగుతుంది. చూపును అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ మూడోది. వీటి వెనుక ఉన్నంత పరిశోధన మరే పద్ధతికీ లేదు. మొదటి రెండు మూడు వారాల్లో కలలు పెరిగి, “ఇక వెళ్ళను” అనే ఘట్టం వస్తుంది. చాలామంది అక్కడే మానేస్తారు, కుటుంబం చెయ్యి పట్టుకోవలసినది అప్పుడే. మన జిల్లాల్లో ఈ పద్ధతుల్లో శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టులు తక్కువే, కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే వీటిలో ఏది చేస్తారని నేరుగా అడగండి. ఊరికే ధైర్యం చెప్పి పంపడం ఈ చికిత్స కాదు.

మందులు ఇచ్చారు. జీవితాంతం వాడాలా? అలవాటైపోవా?

సెర్ట్రలిన్, పెరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి ఈ జబ్బుకు ఎక్కువగా వాడే మందులు. వీటి గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు, అందుకని వారంలో తేడా లేదని ఆపకూడదు. నయమైన తరువాత కొన్ని నెలలు కొనసాగించి డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. మత్తుకు బానిసైనట్టు వీటికి బానిస కారు. అసలు జాగ్రత్త పడవలసినవి అల్ప్రజోలామ్, క్లోనజిపామ్ వంటి మాత్రలు. అవి ఆ రాత్రికి నిద్ర పట్టిస్తాయి కాబట్టి రోగికీ ఇంట్లోవాళ్ళకూ ఇష్టమవుతాయి, పాత చీటీతోనే మెడికల్ షాపులో దొరుకుతుంటాయి. అమెరికా సైనిక వైద్య మార్గదర్శకాలు మాత్రం పీటీఎస్‌డీకి వీటిని వద్దంటున్నాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఉన్నట్టుండి ఆపవద్దు, ఫిట్స్ రావచ్చు; డాక్టరు పర్యవేక్షణలో తగ్గించుకోవాలి.

తాగితేనే నిద్ర పడుతుందంటారు. క్యాంటీన్ రమ్ము ఎలాగూ వస్తుంది. ఎలా మాన్పించాలి?

ఆయన చెప్పేది సగం నిజం. మద్యం నిద్రలోకి దించుతుంది, కానీ తెల్లవారుజాము నిద్రను చెడగొట్టి పీడకలలను మరింత పదునెక్కిస్తుంది. మరునాడు ఇంకొంచెం ఎక్కువ కావలసి వస్తుంది. ముందు తాగుడు మానితేనే మిగతా వైద్యం అన్న పాత పద్ధతి ఇప్పుడు లేదు, రెండింటికీ కలిపి చికిత్స చేస్తారు. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, భ్రమలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, కనుక ఆసుపత్రిలో ఉండి మానడమే క్షేమం. గోడల మీద “తెలియకుండా మందు మాన్పిస్తాం” అన్న ప్రకటనలు చూసి పొడులు తెచ్చి కూరలో కలిపే ఇల్లాళ్ళున్నారు. వాటిలో డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే మందు ఉంటే, దాని మీద మద్యం పడినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం పోయే ప్రమాదముంది. క్యాంటీన్ కోటా తీసుకోకుండా ఉండటం, కార్డు ఇంట్లో మరొకరి దగ్గర పెట్టడం ఆయన ఒప్పుకుంటేనే పనిచేస్తాయి.

“నా బదులు వాడు పోయాడు” అనే ఒక్క మాట దగ్గరే ఆగిపోయారు. దీనికి మందుందా?

ఇది భయం వల్ల వచ్చిన గాయం కాదు, అపరాధభావం వల్ల వచ్చినది. దీనికి మాత్రల ప్రభావం తక్కువ. తరచుగా వినే కథ ఇలా ఉంటుంది. జ్వరంగా ఉందని సెంట్రీ డ్యూటీ మార్చుకున్నాడు, ఆ రాత్రి ఆ పోస్టు మీదే దాడి జరిగింది, డ్యూటీకి నిలబడ్డ స్నేహితుడు పోయాడు. పాతికేళ్ళయినా తన కొడుకు పెళ్ళిలో అక్షింతలు వేస్తూ ఆ స్నేహితుడికి పెళ్ళే కాలేదన్న తలపుతో చెయ్యి ఆగిపోతుంది. “నీ తప్పేం లేదు” అని మనం ఎన్నిసార్లన్నా ఆయనకు ఎక్కదు, ఎందుకంటే మనం అక్కడ లేము. చికిత్సలో నిపుణుడు ఊరడించడు, ప్రశ్నలు అడుగుతాడు: డ్యూటీ మార్చుకున్న సాయంత్రం దాడి సంగతి నీకు తెలుసా? తెలిసే మార్చుకున్నావా? మీ స్నేహితుడే జ్వరపడి, నువ్వు పోయి ఉంటే, అతన్ని హంతకుడనేవాడివా? జరిగాక తెలిసిన దాన్ని ముందే తెలిసినట్టు తనమీద మోపుకున్నానని ఆయన తానుగా కనుక్కోవాలి. కాల్పుల్లో అమాయకుడు చనిపోయిన సందర్భాల్లో, నిజంగా పొరపాటు జరిగిన సందర్భాల్లో ఇది ఇంకా కష్టం. అక్కడ చేయవలసినది నిర్దోషి అని తేల్చడం కాదు, తప్పును దాని అసలు పరిమాణంలో చూసి, దిద్దుబాటుగా ఏం చేయగలడో వెతకడం. కొందరు చనిపోయిన సహచరుడి తల్లిని ఏటా వెళ్ళి చూస్తారు, ఆ ఇంటి పిల్లల చదువు చూస్తారు. అలా వెళ్ళమని ఒత్తిడి చేయకండి, సిద్ధమైన రోజున తోడు వెళ్ళండి.

యోగా, ధ్యానం చాలవా?

ఉద్రేకం తగ్గడానికీ నిద్రకూ యోగా, ప్రాణాయామం తోడ్పడతాయి, రోజూ నడక కూడా అంతే. ఆ జ్ఞాపకాన్ని మాత్రం అవి కదిలించవు. కళ్ళు మూసుకుని కూర్చోగానే దృశ్యాలు ముసిరేవారు కళ్ళు తెరిచే సాధన చేయాలి, గురువుకు ఆ సంగతి ముందే చెప్పాలి.

## ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు

“నేను పోతేనే మీకు సుఖం” అంటున్నారు. అడిగితే లేనిపోని ఆలోచన మేమే పెట్టినట్టు అవుతుందా?

కాదు. “చనిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా?” అని నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అప్పులు లెక్కచూసి కాగితాలు సర్దడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, చాలాకాలం అలజడిగా ఉండి ఉన్నట్టుండి ప్రశాంతమైపోవడం కనిపిస్తే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, మాత్రల నిల్వ ఇంట్లోంచి తీసేయండి. 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది. ప్రయత్నం జరిగిపోతే 108. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే 2017 చట్టం భావిస్తుంది కాబట్టి పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయనక్కర్లేదు.

గార్డు ఉద్యోగం కోసం లైసెన్సు తుపాకీ ఉంది. ఏం చేయాలి?

జబ్బు ముదిరి ఉన్న రోజుల్లో తుపాకీ ఇంట్లో ఉండకూడదు. బీరువాలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోవడం సరిపోదు. పోలీసు స్టేషనులోగానీ లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు, ఎన్నికలప్పుడు అందరూ చేసే పనే అది. “మీ మీద నమ్మకం లేక” అని కాక, “నయమయ్యేదాకా” అని ఆయనతోనే మాట్లాడి ఆయన చేతులతోనే ఇప్పించండి. కొన్నాళ్ళపాటు ఆయుధం అక్కర్లేని పని వెతుక్కోవడం ఆదాయానికి దెబ్బే, అయినా తప్పదు.

## పెన్షను, కాగితాలు

ఈ జబ్బుకు డిసెబిలిటీ పెన్షన్ వస్తుందా?

రావచ్చు. రెండు సంగతులు తేలాలి: జబ్బు సైనిక సేవ వల్ల వచ్చిందని లేదా సేవ వల్ల ముదిరిందని మెడికల్ బోర్డు ఒప్పుకోవడం, వైకల్యం సాధారణంగా 20 శాతానికి తగ్గకపోవడం. చేరినప్పుడు రికార్డులో లేని జబ్బు సర్వీసులోనే వచ్చినట్టు భావించాలని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయితే 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి విడుదలైన తేదీని బట్టి ఏవి వర్తిస్తాయో చూసుకోవాలి. బోర్డు కాదంటే పై అధికారులకు అప్పీలు, ఆపైన 2007 చట్టం కింద ఏర్పడిన సైనిక దళాల ట్రిబ్యునల్ ఉన్నాయి. డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, పోస్టింగుల వివరం, ఆసుపత్రి చీటీలు అన్నీ జిరాక్సు తీసి ఒక ఫైలులో పెట్టండి. పెన్షన్ పోతుందేమోనన్న భయంతో కోలుకోవడాన్ని వాయిదా వేసేవారిని కూడా చూశాము. అది చాలా నష్టపు బేరం.

మా అబ్బాయి అగ్నివీర్. నాలుగేళ్ళకే వచ్చేస్తే వైద్యం సంగతేమిటి?

2022లో ప్రకటించిన పథకం ప్రకారం నాలుగేళ్ళకు బయటికి వచ్చేవారికి పెన్షను గానీ ఈసీహెచ్‌ఎస్ గానీ ఉండవు. అందుకని విడుదలకు ముందు జరిగే వైద్యపరీక్షలోనే నిద్ర, కలలు, ఉలికిపాటు, చెవుల్లో హోరు, తలకు తగిలిన దెబ్బలు ఏవీ దాచకుండా చెప్పి రాయించుకోవడం మరీ ముఖ్యం. త్వరగా ఇంటికి పోవాలనే తొందరలో కుర్రవాళ్ళు “అంతా ఓకే” అని సంతకం పెట్టేస్తారు.

## ఏళ్ళు గడిచాక

నాన్నగారు 1987లో శ్రీలంక వెళ్ళివచ్చారు. ముప్పై ఏళ్ళు బాగానే ఉన్నారు. అమ్మ పోయాక మొదలైంది. ఇదేమిటి?

శ్రీలంకకు వెళ్ళిన భారత శాంతిసేనలో 1990 వరకు పనిచేసిన ఆ తరం ఇప్పుడు అరవై దాటింది. పని, సంసారం, పిల్లల పెళ్ళిళ్ళు ఇన్నాళ్ళూ ఆ జ్ఞాపకాలను తొక్కిపెట్టి ఉంచాయి. ఉద్యోగ విరమణ, భార్య మరణం, పెద్ద జబ్బు వంటివి ఆ బరువును ఒక్కసారి తీసేస్తాయి. ఆలస్యంగా బయటపడటం ఈ జబ్బులో ఉన్నదే. ఈ వయసులో మతిమరుపు జబ్బు, థైరాయిడ్, వినికిడి లోపం కూడా ఇలాంటి లక్షణాలను చూపగలవు కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించాలి. వయసు మీరిందని మాటల చికిత్స పనిచేయకుండా పోదు.

కాలు పోయింది. కృత్రిమ కాలు పెట్టారు. ఇప్పుడు లేని పాదంలో మంట అంటారు. ఇది మనసు జబ్బేనా?

ఆ నొప్పి కల్పితం కాదు, తెగిన నరాలూ మెదడూ కలిసి పుట్టించేది; దానికి విడిగా వైద్యం ఉంది, అద్దంతో చేయించే అభ్యాసాలు కొందరికి పనిచేస్తాయి. అయితే నొప్పి వచ్చినప్పుడల్లా పేలుడు గుర్తుకు రావడం, గుర్తుకు వచ్చినప్పుడల్లా నొప్పి పెరగడం జరుగుతుంది, అందుకే రెండింటికీ ఒకేసారి చూపించాలి. పుణెలోని కృత్రిమ అవయవ కేంద్రంలో, ఖడ్కీలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల పునరావాస కేంద్రంలో అదే స్థితిలో ఉన్న పదిమందిని చూడటం కొందరిని మందులకంటే ఎక్కువగా కదిలించింది.

ఆయన సంగతి సరే, నేనే అలసిపోయాను. ఇది అడగవచ్చా?

అడగాలి. గడప దగ్గర చెప్పు చప్పుడును బట్టి ఆ పూట ఎలా ఉండబోతోందో ఊహించుకుంటూ బతికే భార్యకు కూడా నిద్రలేమి, ఆందోళన, దిగులు వస్తాయి. ఈసీహెచ్‌ఎస్ మీకూ వర్తిస్తుంది, 14416 మీకు కూడా. వారంలో ఒక పూట ఇంటి బాధ్యత ఆడపడుచుకో మరిదికో అప్పగించి బయటికి వెళ్ళండి. సైనికుడి భార్య అన్నీ ఓర్చుకోవాలని చెప్పే బంధువులకే ఆ పూట కాపలా అప్పగిస్తే ఇంకా మంచిది.

పూర్తిగా మామూలు మనిషి అవుతారా?

చికిత్స పూర్తిచేసినవారిలో చాలామందికి లక్షణాలు గణనీయంగా తగ్గుతాయి, కొందరికి నిర్ధారణే వర్తించనంతగా తగ్గుతాయి, కొందరికి సగమే తగ్గుతాయి. జ్ఞాపకం చెరిగిపోదు, అది వచ్చినప్పుడు చేతిలో పని ఆగకుండా ఉండటమే మెరుగుదల. సంఘటన జరిగిన తేదీ దగ్గరపడే వారం, సరిహద్దులో ఉద్రిక్తత అని టీవీలో రోజంతా చూపించే రోజులు, 2020 జూన్‌లో చైనా సరిహద్దులోని గల్వాన్ ఘర్షణ వార్త వచ్చి సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు అంతిమయాత్రను చూపినటువంటి రోజులు మళ్ళీ కష్టంగా గడుస్తాయి. అటువంటి వారాన్ని క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టుకుని, ఆ రోజుల్లో టీవీ కట్టేసి, ఒక అపాయింట్‌మెంట్ ముందుగానే తీసుకుని ఉంచండి.